పచ్చికాయ తెంపితే పప్పేడికెల్లి వస్తది?

చెస్ట్‌నట్ చెట్టు మన కరీంనగర్ల పెరగదు బిడ్డా, ముందే చెప్తున్న. దానికి చలికాలమంటే నిజంగ చలి ఉండాలె. మొగ్గలు నిద్రపోయి మల్ల లేవాలంటే వారాల తరబడి వణికించే చలి కావాలె. మనకేమో సంక్రాంతి దాటంగనే చలి తగ్గుడు మొదలయితది, మే నెలల రామగుండం దిక్కు 45 డిగ్రీలు దాటే ఎండ. ఇటలీ, ఫ్రాన్స్ కొండల మీద గోధుమ సరిగ పండని ఊర్లల్ల మనుషులు వందల ఏండ్లు ఆ చెట్టు గింజల పిండితోనే బతికిండ్రు. ఆకుల కషాయం దగ్గుకు తాగిండ్రు, చెక్కల ఉండే వగరుతోని తోళ్లు ఊనిండ్రు. ఒక్క చెట్టే అన్నం, మందు, బజారు సరుకు.

అట్లాంటి చెట్టు మన దిక్కు ఏదన్న ఉన్నదా అంటే నేను మొర్రిచెట్టు పేరు చెప్త. ఇప్పచెట్టు గొప్పదే, కాదన. కానీ దాని గురించి చెప్పెటోళ్లు శానమంది ఉన్నరు. ఉట్నూరు ఇప్పలడ్డు ముచ్చట ఢిల్లీ దాక పోయింది. మొర్రికి ఇంకా ఆ రోజు రాలే.

మొర్రిపండు తెలువకున్నా సారపప్పు నీకు తెలిసే ఉంటది. రంజాన్ నాడు పక్కింటోళ్లు పంపే షీర్‌ఖుర్మాల పంటికింద తగిలే చిన్న పప్పు అదే. హైదరాబాద్‌ల దమ్ కా ముర్గ్ వండెటోళ్లు దాన్ని నూరి మసాలల కలుపుతరు. కిరాణాదుకాణంల చిరోంజి అని అడిగినా ఇదే ఇస్తరు. అది ఆదిలాబాద్ అడవిల పెరిగే చెట్టు గింజ అని తిన్నోళ్లల్ల ఎందరికి తెలుసో నాకు అనుమానమే.

ఈ చెట్టుది మామిడి కుటుంబం. జీడిమామిడి, పిస్తా, మన అడవిలనే ఉండే నల్లజీడి, అందరూ దీని చుట్టాలే. నల్లజీడి రసం ఒంటికి తగిలితే పొక్కులు లేస్తయి. బట్టల మీద చెరగని గుర్తులు పెట్టెతందుకు దాన్నే వాడేటోళ్లు. మొర్రి మాత్రం ఆ వంశంల మెత్తటి మనిషి. సైన్సు పుస్తకంల దీని పేరు బుకనానియా. 1800 సంవత్సరంల మైసూరు రాజ్యమంతా తిరిగి చెట్టూ చేమా, పంటా పాడీ రాసుకున్న ఫ్రాన్సిస్ బుకనన్ అనే స్కాట్లాండ్ డాక్టర్ పేరు మీద పెట్టిండ్రు.

జన్నారం నుంచి ఉట్నూరు పోయే తొవ్వల టేకు చెట్ల నడుమ దీన్ని గుర్తుపట్టాలంటే ఆకుల కంటే ముందు బెరడు చూడు. ముదురు బూడిద రంగుల, నిలువుగ అడ్డంగ పగిలి, చిన్న చిన్న చదరాలుగ, అచ్చం మొసలి వీపు తీరుగ ఉంటది. ఆకు దళసరిగ, కొన మొద్దుగ ఉంటది. పక్క ఈనెలు తీరుగ వరుసలు కట్టి ఉంటయి. పెద్దపల్లి జిల్లాల రామగిరి ఖిల్లా గుట్టలు మందుచెట్లకు పేరుపోయినయి. బాటనీ చదివే పిలగాండ్లు ఏటా అక్కడికి పోతనే ఉంటరు. ఈ బెరడు గుర్తు ఒక్కటి పట్టుకుంటే అట్ల పోయినప్పుడు అక్కరకొస్తది.

మాఘం, ఫాల్గుణం నెలలల్ల కొమ్మల చివర ఆకుపచ్చ కలిసిన తెల్లటి పూత గుత్తులు గుత్తులుగ వస్తది. పువ్వు ఎంత చిన్నదంటే ఒంటిగ కంటికి ఆనదు. కాళిదాసు కుమారసంభవం మూడో సర్గల వసంతం వచ్చినప్పుడు ఈ పూల పుప్పొడి కండ్లల్ల పడి జింకలకు చూపు ఆనలేదని రాసిండు. సంస్కృతంల దీని పేరు ప్రియాలం. కవి ఊరికే అన్నడనుకోకు. పూసే కాలం లెక్క దగ్గర దగ్గర సరిపోయింది. అడవి తెలిసినోడు రాసిన మాట అది.

పూత నిలబడ్డంక పండు చేతికి రావాలంటే మూడు నాలుగు నెలలు పడ్తది. ఏప్రిల్, మే నెలలల్ల ఆకుపచ్చ కాయ నల్లబడ్తది. ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఉంటది అంతే. పైన పలుచటి గుజ్జు, తియ్యగ, కొద్దిగ పుల్లగ. లోపల రాయి లాంటి పెంకు. ఆ పెంకు లోపల పప్పు. ఎలుగుబంట్లకు, పక్షులకు ఇది ఇష్టమయిన తిండి. గుజ్జు తిని గింజను ఎక్కడనో వదులుతయి. మొర్రి విత్తనం అడవిల తిరిగేది అట్లనే.

ఇప్పుడు అసలు సంగతి. చెస్ట్‌నట్ గింజల ఉండేది ఎక్కువ పిండి పదార్థం, నూనె నూటికి రెండు మూడు పాళ్లు. సారపప్పుల దానికి ఉల్టా: బరువుల సగం దాక నూనె, దగ్గర దగ్గర ఐదో వంతు మాంసకృత్తులు. ఎందుకిట్ల? ఒక గ్రాము పిండి పదార్థం 4 కేలరీల బలమిస్తే, ఒక గ్రాము నూనె 9 ఇస్తది. చెస్ట్‌నట్ గింజ పెద్దది, జాగకు కొదువ లేదు. మొర్రిది ఇంతంత గింజ. పిల్ల మొక్క వేరు పట్టేదాక కావలసిన బువ్వంతా ఆ ఇరుకు జాగల నింపాలె, అందుకే నూనె రూపంల దాస్తదని అనుకోవచ్చు. ఆ నూనెల ఎక్కువ పాలు ఒలీక్ ఆమ్లం, ఆలివ్ నూనెల పెద్ద పాలు దానిదే.

నూనెలు పేరుకునేది గింజ ఎదుగుదల ఆఖరు వారాలల్ల. మొదలు గింజ నీళ్లు నీళ్లుగ ఉంటది, తర్వాత చిక్కబడ్తది, ఆఖరుకు నూనె నిండుతది. మార్చి ఆఖరుల పచ్చికాయలు దులుపుకొచ్చి పగలగొడితే లోపల ముడుతలు పడ్డ పొట్టు దొరుకుతది, పప్పు దొరకదు. అయినా తెంపుతరు. ఎందుకంటే ఇయ్యాల నేను తెంపకుంటే రేపు ఇంకొకరు తెంపుకపోతరు. అడవి చెట్టుకు కంచె లేదు, పట్టా లేదు. కొన్ని జాగలల్ల ఎక్కుడెందుకని కొమ్మలే నరికి కింద కూర్చుండి ఏరుకుంటరు. పండని గింజ మొలవది, ఎలుగుబంటికి పండు దొరకది, కొత్త మొక్క లేవది. మొర్రిచెట్లు తగ్గిపోవుట్ల ఇది పెద్ద కారణం. ఆదివాసులను తప్పుపట్టుడు సులువు. వాళ్లను బజారు ఏ ధర కాడ నిలబెట్టిందో కూడ చూడాలె. 2020ల కేంద్ర ప్రభుత్వం గింజలకు పెట్టిన మద్దతు ధర కిలోకు 126 రూపాయలు. పెంకు తీసిన పప్పు పట్నంల కిలో వెయ్యి రూపాయలు దాటి అమ్ముతరు. పెంకు బరువు తీసేసి లెక్కేసినా, నడుమోళ్లకు మిగిలేది తక్కువేం గాదు. బస్తర్ దిక్కు ఒకప్పుడు ఈ పప్పు ఇచ్చి ఉప్పు తీసుకునేటోళ్లు.

ఆ పెంకు తీసుడు చేతి నేర్పు. పండ్లను రాత్రంతా నానబెట్టి, పొద్దున గోనెపట్ట మీద రుద్ది గుజ్జు కడిగి, గింజలు ఎండబెడ్తరు. రోట్ల ఏసి దంచితే పప్పు నుజ్జునుజ్జయితది. అందుకే ఇసుర్రాయి వాడుతరు. పైరాయికి కిందిరాయికి నడుమ సందు గింజ మందం కంటే పిసరంత తక్కువ ఉండాలె. అప్పుడు పెంకు రెండు చిప్పలుగ విచ్చుకుంటది, పప్పు పగలకుండ జారుతది. తర్వాత చాటల చెరుగుతరు. పెంకు తీసిన పప్పు ఎక్కువ కాలం ఆగది. గాలి తగిలితే నూనె ఆక్సిజన్‌తోని కలిసి ముక్కవాసన కొడ్తది. కొనేటప్పుడు ఒక్క పలుకు నోట్ల ఏసుకుని నమిలి చూడు. చేదు తగిలితే వదిలెయ్యి.

మందు సంగతికొస్తే, చరక సంహితల పదేసి మందులు కలిపి చెప్పిన గుంపులున్నయి. ప్రియాలం అందుల రెండిట్ల కనవడ్తది. ఒకటి అలసట తీర్చేవి: ద్రాక్ష, ఖర్జూరం, రేగు, దానిమ్మ, చెరుకు వాటితోని పాటు మొర్రి. అన్నిట్లా చక్కెర ఉన్నది, తినంగనే బలమొస్తది. రెండోది దద్దుర్లు తగ్గించేవి: తునికి, రేగు, చండ్ర, తెల్లమద్ది, ఏగిస, ఏడాకుల పాల. ఆ జాబితా చదివితే కవ్వాల అడవిల నడిచినట్టే ఉంటది, అన్నీ మన చెట్లే. వీటిల శానమట్టుకు బెరడు వగరు. వగరుకు కారణం టానిన్లు. అవి మాంసకృత్తులను పట్టుకుని గట్టిపరుస్తయి. చెస్ట్‌నట్ చెక్కతోని తోలు ఊనుడు కూడ ఆ గుణం మీదనే నడిచింది.

ఊర్లల్ల పప్పును పాలతోని నూరి మొఖానికి రాస్తరు, దురదకు నూనె పూస్తరు, బంకను విరేచనాలకు ఇస్తరు. ఈ కాలపు పరిశోధనలల్ల ఎక్కువ ఎలుకల మీద చేసినవే. అందుకని షుగరుకు మంచిదని విని గోలీలు బందుపెట్టి సారపప్పు తింటా అంటే నేనొప్పుకోను. జీడిపప్పు, పిస్తా పడనోళ్లు దీనితోని కూడ పైలం, చుట్టాలని చెప్పిన గద.

సాగు చేయొచ్చా అంటే, చేయొచ్చు. మన చెలకలు, గుట్టబోరు నేలలు దీనికి సరిపోతయి. నీళ్లు నిలిచే రేగడి మాత్రం పనికిరాదు. ఆ ఏడు పండిన గింజనే తీసుకో, పాతది సరిగ మొలవది. నీళ్లల్ల ఒక రోజు నానబెట్టి, పప్పుకు దెబ్బ తగలకుండ పెంకు కొద్దిగ విచ్చేటట్టు చేసి, తొలకరిల సంచుల పెట్టాలె. గింజ మొక్క కాపుకొచ్చేసరికి ఎనిమిది పదేండ్లు పడ్తది. అంటు మొక్క అయితే నాలుగైదేండ్లు. ఏడాది మొలకను లేత కాండం కాడ కోసి, నడుమ చీల్చి, మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్లను చీల తీరుగ చెక్కి దించుతరు. ఆ పుల్లకు వారం ముందే, చెట్టు మీద ఉండంగనే, ఆకులు తుంచేస్తే మొగ్గ ఉబ్బి తయారుగ ఉంటది. గుజరాత్‌ల గోధ్రా పరిశోధన కేంద్రం థార్ ప్రియ అనే మొర్రి రకాన్ని ఇచ్చింది. మన ఆదిలాబాద్ చెట్లల్లనే పెద్ద గింజ, పలుచటి పెంకు ఉన్నవి వెతికి అంటుకట్టుడు ఇంకా మంచి పనని నా ఆలోచన. మన ఎండకు, మన నేలకు అలవాటు పడ్డ చెట్లు గద.

చెట్టుకు చెట్టుకు నడుమ ఎనిమిది నుంచి పది మీటర్లు వదులు. మొదటి ఎండకాలాలల్ల నీళ్లు పొయ్యాలె, మేకలు రాకుండ కంప నాటాలె. నడుమ ఖాళీల కందులో పెసర్లో ఏసుకోవచ్చు. కాపుకొచ్చినంక కాయ నల్లబడేదాక ముట్టకు. గుత్తిల అన్నీ ఒక్కసారి పండవు, నల్లగయినవి ఏరుకుని మిగిలినవి వదిలెయ్యి, నాలుగైదు రోజులకు మల్ల పో.