ప్రొద్దుటూరు వెన్న, పులివెందుల అరటి, పక్కన ఒక గ్లాసు

కవ్వం ఆడే కొద్దీ మజ్జిగ మీద వెన్న తేలుతుంది. దాన్ని చన్నీళ్లలో కడిగి ముద్ద చేసేటప్పుడు వచ్చే కమ్మని వాసన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో ఎనుమును సాకే ఏ ఇంటికైనా తెలిసిందే. ఆ వాసనలో పెద్ద వాటా డయాసిటైల్ అనే పదార్థానిది. పాలు తోడుకునేటప్పుడు కొన్ని రకాల బ్యాక్టీరియా అందులోని సిట్రేట్‌ను వాడుకుని దీన్ని తయారు చేస్తాయి. ఇదే డయాసిటైల్ కొన్ని తెల్ల వైన్లలో ఉంటే గొప్పగా చెప్పుకుంటారు. బీరులో తగిలితే మాత్రం తయారీదారు తల పట్టుకుంటాడు. చీజ్‌కు, వెన్నకు ఏ వైన్ నప్పుతుంది, ఏ బీరు నప్పుతుంది అని పుస్తకాలు రాసేవాళ్లు చెప్పే సంగతుల్లో చాలా భాగం ఈ ఒక్క వాసన వెంట పోతే తెలిసిపోతుంది.

కడప జిల్లాలో ఈ మాట ఎత్తడమే కాస్త ఎబ్బెట్టు. పేరుకు వైన్‌షాపులే కానీ, వాటిలో నిజంగా వైన్ కొనేవాళ్లు అరుదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు చూసిన రాష్ట్రమిది. ఇక్కడ మందు అంటే చాలా ఇళ్లలో ఆడవాళ్లకు గుర్తొచ్చేది రుచి కాదు, గొడవ. ఆ భయానికి కారణాలున్నాయి, దాన్ని కొట్టిపారేయలేం. అయితే జిల్లా నుంచి ఉద్యోగాలకని బెంగళూరు వెళ్లిన పిల్లలకు అక్కడ వేరే ప్రపంచం కనబడుతోంది. ఇందిరానగర్‌లో 2010లో తెరిచిన టోయిట్ లాంటి చోట్ల బీరును అక్కడికక్కడే కాచి పోస్తారు. పక్కన చీజ్ పలక పెడతారు, దేనికి ఏది జోడో పట్టీలో రాస్తారు. ఆ పట్టీ చూసి బెదరాల్సిన పని సీమ వాళ్లకు లేదు. అందులో అసలు సరుకైన వెన్న గురించి వాళ్లకు ముందే చాలా తెలుసు.

యూరప్‌లో, అమెరికాలో అమ్మే వెన్నలో రెండు రకాలున్నాయి. తాజా మీగడ నుంచి నేరుగా తీసేది ఒకటి, మీగడను బ్యాక్టీరియాతో పులియబెట్టి తీసేది రెండోది. ఫ్రాన్స్, డెన్మార్క్ వాళ్లు రెండోదాన్నే మెచ్చుకుంటారు. అమెరికా దుకాణాల్లో అది ఎక్కువ ధర పలుకుతుంది. తోడేసిన పెరుగును చిలికి తీసే మన వెన్న మొదటి నుంచీ ఆ రెండో రకమే. ఈ తేడా విలువ ఏమిటో అమూల్‌కు తొలినాళ్లలో గట్టిగానే తెలిసివచ్చింది. అప్పట్లో బొంబాయి మార్కెట్‌ను ఏలిన పోల్సన్ వెన్నను పుల్లబెట్టిన మీగడతో తీసేవారు. ఉప్పు కూడా ఎక్కువే. ఆ రుచి మరిగిన జనానికి అమూల్ వారి తాజా మీగడ వెన్న చప్పగా తోచింది. చివరికి ఉప్పు పెంచి, డయాసిటైల్‌ను విడిగా కలిపి పోటీలో నిలబడ్డారు. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వ పాల వెల్లువ పథకం కింద అదే అమూల్ కడప జిల్లాలో పాలు కొనడం మొదలుపెట్టింది.

ఎనుము పాలలో వెన్న శాతం సుమారు ఆరు నుంచి ఎనిమిది దాకా ఉంటుంది, ఆవు పాలలో నాలుగు చిల్లర. ఆవు పాల వెన్న పచ్చగా, ఎనుము వెన్న తెల్లగా ఉండటానికీ కారణం ఉంది. ఎనుము మేతలోని బీటా కెరోటిన్‌ను దాదాపు అంతా విటమిన్ ఏగా మార్చుకుంటుంది, ఆవు కొంత పాలలోకి వదిలేస్తుంది. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ప్రొద్దుటూరులో వెన్నను నిలవ చేయడం కుదిరే పని కాదు, అందుకే కాచి నెయ్యి చేస్తారు. డయాసిటైల్ 88 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి కాగే గిన్నెలోంచి వెన్న వాసన ముందే ఎగిరిపోతుంది. అడుగున గోకుడు ఎర్రబడే కొద్దీ వేయించిన గింజల వాసన దాని చోట చేరుతుంది. కాబట్టి వెన్నకు నప్పిన పానీయమే నేతికీ నప్పుతుందని అనుకోకూడదు.

ఇక వైన్. ద్రాక్షలో మాలిక్ ఆమ్లం ఉంటుంది, పచ్చి మామిడికాయలాగా నోరు జివ్వుమనిపించేది. కొన్ని వైన్లలో మొదటి పులియబెట్టడం అయ్యాక ఈనోకాకస్ ఈనీ అనే బ్యాక్టీరియా ఆ ఆమ్లాన్ని మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పెరుగుకు పులుపునిచ్చేది కూడా లాక్టిక్ ఆమ్లమే. ఆ క్రమంలో డయాసిటైల్ పుడుతుంది. షార్డొనే ద్రాక్షతో ఓక్ పీపాల్లో చేసిన తెల్ల వైన్లకు వెన్న వాసన వచ్చేది ఇందువల్లే. అమెరికాలోని డేవిస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ఒక పరిశీలన ప్రచురించారు. రుచి చూడటంలో తర్ఫీదు పొందినవాళ్లకు ఎనిమిది రకాల చీజ్‌లు తినిపించి, ఎనిమిది ఎర్ర వైన్లు తాగించారు. చీజ్ తిన్నాక వైన్‌లోని పండ్ల వాసన, వగరు, పులుపు అన్నీ తగ్గాయి. పెరిగింది వెన్న వాసన ఒక్కటే. చీజ్ ప్రతి వైన్‌నూ వెలిగిస్తుందని చెప్పే అమ్మకందార్లకు ఇది మింగుడుపడని ఫలితం. వేడి జొన్నరొట్టె మీద వెన్న రాసుకుని పక్కన చల్లని షార్డొనే పెట్టుకుంటే ఒకే వాసన రెండు వైపుల నుంచి వచ్చి కలుస్తుంది. మొదటిసారి ప్రయత్నించేవాళ్లకు ఇంతకంటే తేలికైన జోడీ లేదు.

ఒకే వాసనను కలపడం ఒక దారి అయితే, రెండో దారి ఎదురు రుచులది. కొవ్వు నాలుకను కమ్మేస్తుంది, పులుపు దాన్ని కడిగేస్తుంది. సంగటి ముద్దలో నెయ్యి గుంట పెట్టి తిని, చివర మజ్జిగ తాగడంలో ఉన్న లెక్క ఇదే. మందు ముట్టని ఇంట్లో జోడీ మజ్జిగతోనే పూర్తవుతుంది, దానికేం లోటు లేదు. వైన్లలో ఈ పని బాగా చేసేది సావిన్యాన్ బ్లాంక్. ఫ్రాన్స్‌లోని లువార్ నది ఒడ్డున సాన్సేర్ ఊళ్లో ఈ ద్రాక్షతో వైన్ చేస్తారు. పక్కనే షావిన్యోల్‌లో మేకపాలతో క్రొత్తాన్ చీజ్ చేస్తారు. ఆ రెండింటినీ కలిపి తినడం అక్కడి ఆనవాయితీ. మనకు దగ్గర్లో ఈ ద్రాక్ష పండించేవాళ్లలో తెలుగువాళ్లున్నారు. హైదరాబాద్ మందుల కంపెనీ గ్రాన్యూల్స్ ఇండియా స్థాపకుడు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ కలిసి కర్ణాటకలో హంపి కొండల దగ్గర క్రస్మా ఎస్టేట్స్ తోట వేశారు. ఇద్దరి పేర్లూ కలిపి తోటకు పెట్టుకున్నారు. అక్కడి సావిన్యాన్ బ్లాంక్‌తో పాటు కాబెర్నే సావిన్యాన్‌కూ పేరుంది.

మేకలు, గొర్రెలు జమ్మలమడుగు చుట్టూ కొల్లలు. అయినా మేకపాల చీజ్ ఇక్కడ ఎన్నడూ పుట్టలేదు. పాలు విరగడాన్ని మన ఇళ్లలో నష్టంగా, అపశకునంగా చూశారు తప్ప తిండిగా చూడలేదు. ఈనిన ఎనుము ముర్రుపాలతో చేసే జున్ను ఉంది కానీ అది ఆవిరి వేడికి గడ్డకట్టేది, దాన్ని నిలవపెట్టి మాగవేయరు. గట్టి చీజ్ మాగడానికి పది పదమూడు డిగ్రీల చల్లదనం, తొంభై శాతం దాకా తేమ నెలల తరబడి కావాలి. పెన్నా ఒడ్డున అది కరెంటు లేకుండా సాధ్యం కాదు. అందుకే దక్షిణాదిలో చీజ్ ఎక్కువగా కొండల మీద స్థిరపడింది. కొడైకెనాల్‌లో కొడై చీజ్ ఉంది. కూనూరులో ఎకర్స్ వైల్డ్ అనే పొలాన్ని దర్శకుడు మన్సూర్ ఖాన్ నడుపుతున్నారు. పవన్ కల్యాణ్ తొలి సినిమా ‘అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి’కి మూలమైన హిందీ చిత్రం ‘ఖయామత్ సే ఖయామత్ తక్’ తీసినది ఆయనే. కొండలు దిగితే ఆరోవిల్‌లో లా ఫెర్మ్ ఉంది, బెంగళూరులో క్రైస్తవ సన్యాసులు మొజరెల్లా చేసే వలొంబ్రోసా మఠం ఉంది. మన దేశంలో చేసే చీజ్‌లలో చాలావాటికి దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్ వాడరు. డబ్బా మీద ఆకుపచ్చ చుక్క చూసుకుంటే శాకాహారులకు దిగులుండదు.

కడప భోజనంతో వైన్ పెట్టాలనుకుంటే అసలు అడ్డంకి ఎర్ర కారం. ఎర్ర వైన్‌లోని టానిన్లు నోటిని పిడచగట్టిస్తాయి, అందులోని ఆల్కహాల్ మిరప మంటను ఎగదోస్తుంది. కారం దోశతో గట్టి కాబెర్నే పెడితే దోశా చెడుతుంది, వైనూ చెడుతుంది. హాప్స్ పూల చేదు దండిగా ఉన్న ఐపీఏ బీరుదీ అదే గతి. పాలలోని కేసీన్ మిరపలోని క్యాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీద నుంచి తీసేస్తుంది, అందుకే కారానికి మజ్జిగ మందు. తప్పదనుకుంటే కాస్త తీపి మిగిలిన షెనిన్ బ్లాంక్ తెల్ల వైన్ కొంత నయం.

పులివెందుల దగ్గరికొస్తే బీరుదే పైచేయి. జర్మనీ బవేరియా గోధుమ బీరును ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు వచ్చేది అరటిపండు వాసన. అందులో అరటి ఏమీ వేయరు. ఈస్ట్ పులియబెట్టేటప్పుడు ఐసోఅమైల్ అసిటేట్ పుడుతుంది, అరటిపండులో ఉండేదీ అదే. పులివెందుల తోటల్లో ఆ వాసన గెలలు గెలలుగా పండుతుంది. 2020లో తాడిపత్రి నుంచి ముంబై జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు ప్రత్యేక రైలులో కదిలింది కూడా సీమ అరటే. బెల్జియం వాళ్ల గోధుమ బీరుది ఇంకో తీరు. 1960ల్లో హూగార్డెన్ ఊళ్లో పియర్ సెలిస్ అనే పాలవ్యాపారి తిరిగి బతికించిన ఆ బీరులో ధనియాలు, నారింజ జాతి తొక్క పడతాయి. చీనీ తోటలకు పేరున్న పులివెందులకు, ధనియాలు లేకుండా పులుసు కాచని సీమకు ఆ రుచి కొత్తేమీ కాదు. ఇలాంటి బీరుకు ఘాటైన చీజ్ వద్దు. తాజా మొజరెల్లా చాలు, ఉప్పు చల్లిన ఎనుము పాల పనీరు అయితే మరీ మంచిది. బుడగలు కొవ్వును ఎత్తిపోస్తాయి, గోధుమ మెత్తదనం పనీరును మింగేయకుండా ఉంటుంది.

నెయ్యికి, కోవాకు మాత్రం నల్ల బీరు కావాలి. మాడేదాకా వేయించిన బార్లీతో కాచే స్టౌట్‌లో కాఫీ, బెల్లం పాకం ఛాయలుంటాయి. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు పాలకోవా దానికి సరిజోడు. నార్వేలో చీజ్ తీయగా మిగిలిన నీటిని గోధుమరంగు వచ్చేదాకా మరిగించి బ్రూనోస్ట్ అనే తీపి చీజ్ చేస్తారు, దానికీ నల్ల బీరు నప్పుతుంది. ముంబైలో ఎలెఫ్తీరియా సంస్థ చేసిన బ్రూనోస్ట్ ప్రపంచ చీజ్ పోటీల్లో పతకం తెచ్చుకుంది. జొన్నతోనూ బీరు కాస్తారు. నైజీరియా 1988లో బార్లీ మాల్ట్ దిగుమతిని నిషేధించినప్పుడు అక్కడి పెద్ద కంపెనీలన్నీ జొన్నకు మళ్లాయి. జమ్మలమడుగు నల్లరేగడి జొన్నతో ఎవరైనా బీరు కాస్తే జొన్నరొట్టె, వెన్న పక్కన అదెలా ఉంటుందో చూడాల్సిందే.

వైన్‌లో మెచ్చుకున్న వెన్న వాసన లాగర్ బీరులో వస్తే మాత్రం గ్లాసు వెనక్కి పంపించవచ్చు. ఈస్ట్ పులియబెట్టేటప్పుడు డయాసిటైల్‌కు మూలపదార్థాన్ని వదిలి, తర్వాత పుట్టిన డయాసిటైల్‌ను తానే తిరిగి తీసుకుంటుంది. అందుకని చివర్లో వేడిని కొన్ని డిగ్రీలు పెంచి రెండు మూడు రోజులు అలాగే ఉంచుతారు. తొందరపడి చల్లార్చినా, గొట్టాలు సరిగ్గా కడగకపోయినా బీరులో వెన్న వాసన వస్తుంది. లీటరులో మిల్లీగ్రాములో పదో వంతు ఉన్నా తెలిసిపోతుంది.

చీజ్‌ను ఫ్రిజ్‌లోంచి గంట ముందే తీసిపెట్టాలని ఫ్రాన్స్ పుస్తకాలు చెబుతాయి. ప్రొద్దుటూరు మే నెలకు ఆ లెక్క పనికిరాదు. గట్టి చీజ్‌కు పావుగంట, మెత్తటి దానికి పది నిమిషాలు చాలు. వెన్నను చన్నీళ్ల గిన్నెలోనే ఉంచి, రొట్టె కాలాకే తీయాలి. తెల్ల వైన్ పది డిగ్రీల దగ్గర, స్టౌట్ అంతకంటే కొంచెం వెచ్చగా ఉండాలి. గ్లాసుల్లో ఐసు ముక్కలు వేస్తే వాసనలన్నీ ముడుచుకుపోతాయి.