పేరు తెలియని పువ్వు

తొలకరికి మా పెరటి కంచె మీద ఒక తీగె పాకి పూసింది. పసుపుగా విచ్చి, రోజులు గడిచేకొద్దీ ఎరుపెక్కే ఆరు రేకులు. అంచులు అలలలుగా, మంటల్లా పైకి లేచి ఉన్నాయి. ఆకు కొసలే నులితీగెలై కంచెను పట్టుకొన్నాయి. పేరేమిటని మా అమ్మాయి అడిగితే, ఇరవయ్యేళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్న నాకు నోరు పెగల్లేదు!

మర్నాడు దాని దుంప తవ్వి, చిలగడదుంప అనుకొని కడుగుతోంది. పాలు తెచ్చిన అవ్వ కేక పెట్టింది: "అది అడవినాభి బాబూ, విషం!"

చేతులు కడిగించి పుస్తకాలు తీశాను. చిన్నప్పుడు అమరకోశంలో వల్లించిన అగ్నిశిఖ ఇదే! లాంగలి అన్నా ఇదే. లాంగలమంటే నాగలి, దుంపకు ఆ వంపే ఉంది. ఇందులోని కాల్చిసిన్ మోతాదు మించితే ప్రాణం తీస్తుంది, వైద్యుడి కొలతలో గౌట్ నొప్పికి మందు. తమిళనాడుకు ఇది రాష్ట్రపుష్పం కూడా.

ఇదంతా మా ఆవిడకు చెప్పబోయాను. అప్పటికే తీగెను దుంపలతో సహా పీకించేసింది.