పండగ వెళ్లింది, పూత వచ్చింది

కనుమ మర్నాడు తెల్లవారేసరికి చింతలపూడి బస్టాండులో కాలు పెట్టడానికి చోటుండదు. హైదరాబాద్ వెళ్లేవాళ్లు సత్తుపల్లి, ఖమ్మం, సూర్యాపేట దారి పడతారు. రైలెక్కాల్సినవాళ్లు ఏలూరు వెళ్తారు. ప్రతి సంచిలో అరిసెల డబ్బా, జంతికల డబ్బా, బట్టలకు నూనె అంటకుండా మధ్యలో పాత పేపరు. చేరగానే ఫోన్ చెయ్యమని అమ్మమ్మ కిటికీ దగ్గర నిలబడి మళ్లీ మళ్లీ చెబుతుంది. బస్సు కదులుతుంది.

ఆ తర్వాతి వారం గురించి ఎవరం మాట్లాడుకోం. ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి ముగ్గులు, గొబ్బెమ్మలు, పిండివంటలు, కొత్త అల్లుళ్ల మర్యాదలు అంటూ పండగ రాక ముందు నెలంతా చెప్పుకుంటాం. పండగ వెళ్లాక ఇల్లు ఎలా బోసిపోతుందో మాత్రం ‘అలవాటైపోతుందిలే’ అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. పదిహేను మందికి వండిన చెయ్యి మర్నాడు గ్లాసు బియ్యం కొలవాలి. ఎసట్లో నీళ్లు ఎక్కువైపోతాయి. నెలరోజులు గుర్తురాని మోకాళ్ల నొప్పి ఆ పూటే తెలుస్తుంది. పెద్దవాళ్లు పగటిపూట పడుకుని లేవరు, రాత్రి నిద్ర పట్టదు. ఇది బలహీనత కాదు. నెలరోజుల చాకిరీ, తెగిన నిద్ర, ఒక్కసారిగా వచ్చిపడిన నిశ్శబ్దం కలిస్తే ఏ ఒంటికైనా అంతే. అటు హైదరాబాద్ ఆఫీసులో కూర్చున్న కొడుకుదీ అదే పరిస్థితి.

కొన్ని ఇళ్లలో ఈ వారం ఇంకా బరువుగా గడుస్తుంది. కోడిపందేల బరుల దగ్గర, గుండాటలో పోయిన డబ్బు లెక్కకు వచ్చేది ఇప్పుడే. 1974 నాటి జూద నిరోధక చట్టం ఉన్నా, ఏటా కోర్టులు హెచ్చరిస్తున్నా పందేలు ఆగలేదు. అప్పు తీర్చే భారం పందెం చూడని ఆడవాళ్ల బంగారం మీద పడుతుంది. పండగ సరదా కదా అని దీన్ని దాటేయడం నాకు ఇష్టం లేదు.

అయితే ఈ ప్రాంతంలో పండగ వెళ్లే రోజులూ మామిడి పూసే రోజులూ ఒక్కటే. 2022 ఏప్రిల్ 4 నుంచి చింతలపూడి, నూజివీడు రెండూ ఏలూరు జిల్లాలోనే ఉన్నాయి. చాట్రాయి, ముసునూరు, ఆగిరిపల్లి వైపు ఎటు చూసినా బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టర్ తోటలే. రాత్రి చలికి కొమ్మ చివర్లు పూత తొడుగుతాయి. ఒక్కో పూగుత్తిలో వందల నుంచి వేల దాకా పూలుంటాయి, వాటిలో మగపూలే ఎక్కువ. కాయగా చివరిదాకా నిలిచేది నూటికి ఒకటి కూడా ఉండదు. రైతుకు సంవత్సరమంతా ఆ ఒక్కదాని మీదే ఆధారం.

అందుకే పిల్లలు వెళ్లిన మర్నాడే తాతయ్య తోటకు వెళ్తాడు. వెళ్లగానే చేసే పని కొమ్మను చేత్తో తట్టడం. తేనెమంచు పురుగు ఉంటే చిటపటమంటూ ఎగురుతుంది. ఆకు ముట్టుకుంటే జిగట, రెండు వారాలు పోతే దాని మీద నల్లటి మసి. మబ్బు పట్టినా, పొగమంచు కమ్మినా బూడిద తెగులు పూగుత్తికి తెల్లగా పట్టేస్తుంది. మందు కొట్టాల్సింది పూలు విచ్చుకోకముందే. విచ్చుకున్నాక కొడితే తేనెటీగలూ ఈగలూ చస్తాయి, పిందె పట్టదు. నీళ్లు పెట్టడంలోనూ తొందర పనికిరాదు. ముందే తడి ఇస్తే పూత రావాల్సినచోట కొత్త ఆకు వస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా ఆగాలి. పూత చూసి తోట గుత్తకు అడిగే వ్యాపారులు కూడా ఈ రోజుల్లోనే బయానా పట్టుకుని వస్తారు. ఒప్పుకోవాలా, ఆగాలా అన్నది ఆ ఇంటి ఏడాది బడ్జెట్‌ను తేల్చే మాట. దిగులుగా ఉందని ఆ పూట మంచం మీదే ఉండిపోవడానికి వీల్లేదు. నా దృష్టిలో అది ఆ వయసుకు దక్కిన మేలు.

ఇంట్లోనూ పండగ ఒక్కసారిగా తెగిపోదు. గోడకు కొట్టిన గొబ్బి పిడకలు ఇంకా ఎండుతుంటాయి. ఆ తర్వాత రథసప్తమి వస్తుంది, 2026లో అది జనవరి 25, ఆదివారం. సూర్యుడికి ఎదురుగా ఆ పిడకల మీదే పాలు పొంగించి పరమాన్నం వండుతారు. చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో నైవేద్యం పెడతారు. పండగను అంచెలంచెలుగా సాగనంపే ఈ పద్ధతిని మన పెద్దవాళ్లు ఎంతో తెలివిగా పెట్టుకున్నారనిపిస్తుంది. నగరంలో ఈ మెట్టు లేదు. పండగ ముగిసిన మర్నాడు ఉదయం తొమ్మిదికే మీటింగ్.

క్యాలెండరు జనవరి 1నే మారింది కానీ తోటలో కొత్త ఏడాది ఇంకా కుదురుకోలేదు. ఉగాది 2026లో మార్చి 19న. ఆనాటి పచ్చడిలో వేసే మామిడికాయ ఇప్పుడు కొమ్మ మీద పువ్వుగా ఉంది.

ఊరు వదిలి వెళ్లిన పిల్లలకు ఒక్క మాట. ఫోన్ చేసినప్పుడు ‘తిన్నావా, మందులు వేసుకున్నావా’ దగ్గరే ఆపకండి. పూత ఎలా ఉంది తాతయ్యా, పురుగు పడిందా, గుత్తకు ఎంత అడిగారు అని అడగండి. ఆయన పది నిమిషాలు మాట్లాడతాడు. ఏప్రిల్ చివర మీ పిల్లలకు బడి సెలవులిచ్చేసరికి రసాలు దిగుతుంటాయి. ఈసారి ఎన్ని రోజులు ఉంటారో ఇప్పుడే చెప్పండి.