వాగ్దాన వచనం – సందర్భం: యిర్మీయా 29వ అధ్యాయ పరిశీలన

తెలుగు క్రైస్తవ కుటుంబాలలో నూతన సంవత్సర ఆరాధన నాడు వాగ్దాన కార్డు తీసుకోవడం పరిపాటి. ఆ కార్డులపై తరచుగా కనిపించే వచనాలలో యిర్మీయా 29:11 ఒకటి. దేవుడు తన ప్రజలకు కీడు కాక మేలునే తలపెట్టాడని దాని సారాంశం. వ్యాధిగ్రస్తులు, ఉపాధి కోల్పోయినవారు దీనిని తక్షణ విముక్తికి హామీగా గ్రహించడం సహజమే.

అయితే ఈ వచనం ఒక లేఖలోనిది. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేమును లోబరచుకొని రాజును, పెద్దలను, పనివారిని బబులోనుకు చెరగొనిపోయాడు. వారికి యిర్మీయా పంపిన లేఖ ఇది. రెండేండ్లలో అంతా చక్కబడుతుందని హనన్యా ప్రకటించిన వృత్తాంతం దీనికి ముందరి అధ్యాయంలో ఉంది. యిర్మీయా చెప్పిన గడువు డెబ్బది ఏండ్లు. అంటే లేఖను విన్న పెద్దలలో అత్యధికులు స్వదేశాన్ని మళ్లీ చూడరు. తక్షణ విముక్తి అన్న అర్థం యిర్మీయాది కాదు, హనన్యాది.

అందుకే లేఖలో ఓదార్పుకు ముందే పనులున్నాయి. ఇండ్లు కట్టుకోవాలి, తోటలు నాటుకోవాలి, బిడ్డలకు వివాహాలు చేయాలి. అన్నిటికంటె కఠినమైనది 7వ వచనంలోని ఆజ్ఞ: తాము చెరలో ఉన్న పట్టణపు క్షేమం కోరి ప్రార్థించాలి. (కార్డుపై ఈ వచనాన్ని నేనింతవరకు చూడలేదు.)

మరొక భాషాంశం గమనార్హం. తెలుగు బైబిలులో దేవుడు వ్యక్తిని ‘నీవు’ అనే సంబోధిస్తాడు. కనుక ఇక్కడి ‘మీరు’ గౌరవవాచకం కాదు, బహువచనం. వాగ్దానం ఒక సమూహానికి, వారి సంతతికి సంబంధించినది. దీర్ఘవ్యాధిగ్రస్తుల ఇంట ఈ భాగాన్ని 4వ వచనం నుండి 14వ వచనం వరకు, సేవచేసే కుటుంబసభ్యులతో కలిసి చదవడం సముచితం.