అద్దె గొడవలో మాట తూలితే

దోహాలో మన కుటుంబాలు చాలావరకు విల్లాలో పార్టిషన్ వేసిన భాగంలోనో, చిన్న ఫ్లాట్‌లోనో ఉంటాయి. ఏసీ బాగుచేయించరు, ఖాళీ చేశాక డిపాజిట్ తిరిగివ్వరు, కరెంటు బిల్లు పంపకంలో పేచీ. గొంతులు లేస్తాయి. "దొంగ", "మోసగాడు" అన్న మాట ఒకటి జారిపోతుంది. మన ఊళ్లో అయితే అది మర్నాటికి చల్లారిపోయే గొడవ. ఖతార్‌లో అదే పోలీస్ స్టేషన్ దాకా వెళ్లగలదు.

ఇక్కడి 2004 నాటి 11వ నంబరు శిక్షాస్మృతి ప్రకారం, నలుగురిలో ఒకరి పరువు తీసేలా నింద వేస్తే రెండేళ్ల వరకు జైలు, 20,000 రియాళ్ల వరకు జరిమానా ఉండొచ్చు. ఫోన్‌లో తిట్టినా నేరమే. వాట్సాప్ గ్రూపులో "ఈ ఓనర్ దగ్గర ఇల్లు తీసుకోకండి, మోసగాడు" అని పెడితే 2014 నాటి సైబర్ నేరాల చట్టం కిందికి వస్తుంది. దానికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రియాళ్ల వరకు జరిమానా. సాక్ష్యం కోసమని చెప్పకుండా ఎదుటివారి మాటలు రికార్డు చేయడం కూడా చిక్కే. కేసు నడుస్తుంటే ప్రయాణాలు ఆగిపోవచ్చు. సెలవులకు పిల్లలతో ఇండియా వెళ్దామనుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

అలాగని నోరు మూసుకుని భరించాలా? అక్కర్లేదు. ఈ చట్టం ఇద్దరికీ ఒకటే. ఓనర్ మిమ్మల్ని బూతులు తిడితే మీరూ ఫిర్యాదు చేయొచ్చు. అద్దె తగాదా సంగతి వేరు. దానికి 2008 నాటి అద్దె చట్టం కింద ఏర్పడిన వివాద పరిష్కార కమిటీలున్నాయి. నిజాయితీగా అధికారుల ముందు చెప్పుకున్న బాధ పరువు నష్టం కాదు, అదే మాట గ్రూపులో పెడితే కావచ్చు.

అందుకే కాంట్రాక్టు రిజిస్టర్ అయిందో లేదో ముందే చూసుకోండి. ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరు మీకు గది అద్దెకిస్తే, రేపు కమిటీ ముందు మీ చేతిలో ఏ కాగితమూ ఉండదు. డిపాజిట్‌కు రసీదు తీసుకోండి. ఏం కావాలో మెసేజ్‌లో మర్యాదగా, తేదీతో సహా రాయండి. కోపంగా ఉన్నప్పుడు వాయిస్ మెసేజ్ పంపకండి. దారి తోచకపోతే భారత రాయబార కార్యాలయం ఆధ్వర్యంలోని ఐసీబీఎఫ్‌ను సంప్రదించండి.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలు ఊరికే అనలేదు. డిపాజిట్ ఎలాగోలా రాబట్టుకోవచ్చు. నోటి మాటకు వచ్చిన కేసును వదిలించుకోవడం అంతకంటే కష్టం.