టికెట్ రద్దు... జేబుకు చిల్లు!

ప్రయాణం ఆగిపోయిందన్న బాధ ఒకవైపు. కట్టిన డబ్బులో ఎంత తిరిగొస్తుందో తెలియని అయోమయం మరోవైపు. విమానం టికెట్ రద్దు చేసుకున్న చాలామందిది ఇదే పరిస్థితి. ఇంతకీ ఆ కోత న్యాయమేనా?

పాతబస్తీలో గల్ఫ్ ముచ్చట లేని వీధి అరుదు. యాకుత్‌పురా, చంచల్‌గూడ, షాలిబండ... ఎటెళ్లినా ఒకరి కొడుకు జెడ్డాలో ఉంటాడు, మరొకరి అల్లుడు దుబాయ్‌లో ఉంటాడు. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల బ్యారక్‌ల వల్ల ఆ పేరొచ్చిన బార్కస్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే ఇక్కడ విమానం టికెట్ అంటే విలాసం కాదు. చెల్లెలి పెళ్లికి రావాలన్నా, ఉమ్రాకు వెళ్లాలన్నా, కొత్త కొలువులో చేరాలన్నా అదే దారి. వీసా ఆలస్యమైనా, యజమాని సెలవివ్వకపోయినా, పెద్దవాళ్లు మంచాన పడినా టికెట్ రద్దు చేసుకోక తప్పదు. అప్పుడు మొదలవుతుంది కోతల లెక్క!

పోయేదెంత... రావాల్సిందెంత?

టికెట్ ధరలో రెండు భాగాలుంటాయి. మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీ విమానసంస్థవి. ప్రభుత్వ పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు లాంటి విమానాశ్రయ రుసుములు మాత్రం సంస్థ సొమ్ము కాదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2016 ఆగస్టులో అమల్లోకి తెచ్చిన నిబంధనల ప్రకారం రద్దు రుసుము మొదటి భాగాన్ని దాటకూడదు. రెండో భాగాన్ని తిరిగివ్వాల్సిందే. టికెట్ 'నాన్ రిఫండబుల్' అయినా, ప్రయాణికుడు విమానాశ్రయానికే రాకపోయినా సరే.

ఓ కుటుంబంలో నలుగురు బెంగళూరులో పెళ్లికి వెళ్లాలనుకున్నారనుకుందాం. ఒక్కో టికెట్ రూ.3,700. అందులో మూల ఛార్జీ రూ.2,800, పన్నులూ రుసుములూ రూ.900. సంస్థ రద్దు రుసుము రూ.3,500 అనుకున్నా, నిబంధన ప్రకారం రూ.2,800కు మించి కోయడానికి లేదు. అంటే నలుగురికీ కలిపి రూ.14,800 కడితే వెనక్కి వచ్చేది రూ.3,600. రూ.11,200 పోయినట్టే! నిబంధన పాటించినా నష్టం ఇంత. ఇక ఆ తొమ్మిది వందలు కూడా వస్తాయని తెలియక అడగనివాళ్ల సంగతేంటి?

సీటు ఖాళీ అయితే...

విమానసంస్థల వాదనా కొట్టిపారేసేది కాదు. ఈరోజు అమ్ముడుపోని చీరను రేపు అమ్ముకోవచ్చు. విమానం ఎగిరాక ఖాళీ సీటును ఎవరు కొంటారు? తక్కువ ధరకు టికెట్ ఇచ్చేదే ఆ షరతు మీద... అంటాయవి. చివరి రోజు రద్దు చేసుకుంటే ఇది నిజమే. కానీ నెల ముందే వదులుకున్న సీటును మళ్లీ అమ్ముకోవడానికి బోలెడు సమయముంటుంది. చాలాసార్లు అంతకన్నా ఎక్కువ ధరకే! మరి భారీ కోత ఎందుకు?

రైల్వే 2015 నవంబరులో తెచ్చిన పద్ధతి చూడండి. సెకండ్ ఏసీ ఖరారైన టికెట్‌ను 48 గంటల ముందు రద్దు చేసుకుంటే కోత రూ.200 ఉండేది. ఆ తర్వాత 12 గంటల ముందు వరకూ ఛార్జీలో పావు వంతు, 4 గంటల ముందు వరకూ సగం కోసేవారు. ఆలస్యం పెరిగేకొద్దీ కోత పెరుగుతుంది. ఇందులో ఓ న్యాయముంది.

2025 డిసెంబరులో ఇండిగో వేల విమానాలను రద్దు చేసినప్పుడు శంషాబాద్‌లోనూ ప్రయాణికులు అల్లాడిపోయారు. డిసెంబరు 7 రాత్రి 8 గంటల్లోగా డబ్బు తిరిగివ్వాలని కేంద్రం ఆదేశించింది. రూ.610 కోట్లు చెల్లించినట్టు ప్రకటన వచ్చింది. గట్టిగా అడిగేవాళ్లుంటే సొమ్ము ఎంత త్వరగా వెనక్కి వస్తుందో అప్పుడు తెలిసింది.

ఏజెంటు దగ్గర కొంటే...

పాతబస్తీలో చాలామంది తెలిసిన ఏజెంటు దగ్గరే టికెట్ కొంటారు. రద్దయ్యాక 'కంపెనీ నుంచి ఇంకా రాలేదు' అన్న మాట వింటూ తిరుగుతారు. ఏజెంటు ద్వారా కొన్నా డబ్బు తిరిగిచ్చే బాధ్యత విమానసంస్థదే. 2016 నిబంధనలు అందుకు 30 పనిదినాల గడువు పెట్టాయి. దాన్ని 21కి తగ్గించాలని 2025 నవంబరులో డీజీసీఏ ముసాయిదా ప్రతిపాదించింది. టికెట్ కొన్నాక ఉచితంగా రద్దు చేసుకునే వ్యవధిని 24 నుంచి 48 గంటలకు పెంచాలన్నదీ అందులోదే.

ఇవి గుర్తుంచుకోండి

* టికెట్ కొనేముందే రద్దు రుసుమెంతో అడగండి. మూల ఛార్జీ, పన్నులు విడివిడిగా ఉన్న కాగితం తీసుకోండి.

* డబ్బుకు బదులు 'క్రెడిట్ షెల్' తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. సంస్థ బలవంతపెట్టకూడదు.

* గల్ఫ్ సంస్థల విమానాలైతే వాపసుకు ఆయా దేశాల నిబంధనలు వర్తిస్తాయి. షరతులు ముందే చదవండి.

* సంస్థ స్పందించకపోతే పౌర విమానయాన శాఖ 'ఎయిర్ సేవ'లోనో, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కో ఫిర్యాదు చేయొచ్చు.

రద్దు రుసుము ఉండకూడదని ఎవరూ అనడం లేదు. సంస్థకు జరిగిన నష్టమెంతో, కోత అంతే ఉండాలి. ఎడారి ఎండలో చెమటోడ్చి పంపిన డబ్బుకు ఆపాటి లెక్క చెప్పమనడం అత్యాశేం కాదుగా!