దూరము స్వల్పమైనను విమానమునకు గంట యేల?

విజయవాడనుండి విశాఖపట్టణమునకు రైలుమార్గము సుమారు 350 కిలోమీటర్లు. కాని విజయవాడకు చెందిన గన్నవరము విమానాశ్రయమునుండి విశాఖపట్టణమునకు ఆకాశమున సూటిగా గీచిన రేఖ సుమారు 290 కిలోమీటర్లే. రైలు ఊళ్లను కలుపుచు, రాజమహేంద్రవరమువద్ద వంతెనపై గోదావరిని దాటి పోవలసియుండగా, విమానమునకు నదులును కొండలును అడ్డుగావు. గంటకు 500 కిలోమీటర్ల వేగముతో పోగల చిన్న పంకాల విమానము ఈ దూరమును 35 నిమిషములలో దాటవలెను గదా! మఱి కాలపట్టికలో ఇంచుమించు గంట యని యేల వ్రాయుదురు?

విమానము నిలిచినచోటునుండి కదలినది మొదలు గమ్యమున మరల నిలుచువఱకు గల కాలమంతయు ప్రయాణకాలముగనే గణింపబడును. రన్‌వే చివఱకు నేలపై మెల్లగా సాగుట, గాలికి ఎదురుగా ఎగయుటకై ఒక్కొక్కప్పుడు గమ్యమునకు వ్యతిరేకదిశగా బయలుదేరి పిదప మరలుట, ఎత్తునకు ఎక్కునపుడు పూర్ణవేగము నందలేకపోవుట, దిగుటకు ముందు క్రమముగా వేగమును తగ్గించుకొనుట, నియంత్రణాధికారి యనుజ్ఞకై వేచియుండుట, ఇవన్నియు కూడి మిగిలిన నిమిషములను హరించును. దూరమెంతయైనను ఈ వ్యయము పెద్దగా మాఱదు; కావుననే దూరము రెట్టింపైనను కాలము రెట్టింపు కాదు.

మీరును పటముపై రెండు నగరముల నడుమ దూరమును కొలిచి, వేగముచే భాగించి, దానికి 25 నిమిషములు కలిపి చూడుడు. కాలపట్టికకు చేరువయైన సంఖ్యయే మీకు లభించును.